పేర్లు రాసుకున్న రేవు

జియోక్యాచింగ్ అంటే ఏమిటని అడిగినవాళ్ళకి నేను ఒకటే చెప్తాను. పెద్దవాళ్ళు కూడా సిగ్గుపడకుండా ఆడుకోగలిగే దాగుడుమూతలు. కాకపోతే ఇందులో దాక్కునేది మనుషులు కాదు, డబ్బాలు. ఎవరో ఒకరు చిన్న డబ్బాలో నోటు పుస్తకమో, సన్నటి కాగితం చుట్టో పెట్టి, ఎవరి కంటా పడని చోట దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు వెబ్‌సైటులో పెడతారు. మిగతావాళ్ళు ఫోను పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తారు. దొరికితే ఆ కాగితం మీద పేరూ తేదీ రాసి, డబ్బాని తీసినచోటే మళ్ళీ పెట్టేసి వచ్చేస్తారు. అంతే ఆట.

మా పిల్లలకి ఇది రెండేళ్ళుగా పట్టుకున్న పిచ్చి. వాళ్ళ పుణ్యమా అని మేము చూసిన పార్కుల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది జెర్సీ సిటీలోని లిబర్టీ స్టేట్ పార్కు. హడ్సన్ నది సముద్రంలో కలిసేచోట, స్వేచ్ఛా ప్రతిమకి వెనకవైపు ఉంటుంది. న్యూజెర్సీలో ఉన్న తెలుగువాళ్ళలో చాలామంది ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ఇక్కడికి తీసుకెళ్తారు. పడవ ఎక్కి, ప్రతిమ ముందు ఫోటో దిగి, పులిహోర తిని వచ్చేస్తారు. మేమూ అంతే చేసేవాళ్ళం. డబ్బాల కోసం వెతకడం మొదలుపెట్టాక ఆ నేల మీద మెల్లిగా నడవడం అలవాటైంది. మెల్లిగా నడిస్తేగాని కనపడనివి అక్కడ చాలా ఉన్నాయి.

ముందు ఆట పుట్టుక గురించి నాలుగు ముక్కలు. జీపీఎస్ ఉపగ్రహాలు అమెరికా సైన్యానివి. మామూలు జనం వాడుకునే సంకేతంలో వాళ్ళు కావాలనే కొంత తేడా కలిపేవారు. దాంతో మన చేతిలోని పరికరం చూపించే చోటు ఒక్కోసారి 100 మీటర్ల దాకా తప్పేది. 2000 మే మొదటి తేదీన అప్పటి అధ్యక్షుడు క్లింటన్ ఆ తేడా తీసేస్తున్నామని ప్రకటించారు. మే 3న ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక ప్లాస్టిక్ బకెట్‌లో నోటు పుస్తకం, పెన్సిలు, కొన్ని చిన్నాచితకా వస్తువులు, ఒక బీన్స్ డబ్బా పెట్టి అడవిదారిలో దాచి, ఆ చోటి అంకెలు ఇంటర్నెట్‌లో పెట్టారు. ఒకటి తీసుకుంటే ఒకటి పెట్టండి, పుస్తకంలో రాయండి అన్నది ఆయన పెట్టిన నియమం. ఈ రోజు ప్రపంచమంతా ఆడుతున్న ఆటకి అదే మొదలు.

ఇక పార్కు సంగతి. 1,200 ఎకరాల పైచిలుకు, అందులో నీళ్ళ భాగమే చాలా ఉంది. ఇప్పుడు మనం నడిచే నేల కూడా ఒకప్పుడు నీళ్ళే. లెనాపీ అనే ఆదివాసీలు తిరిగిన, ఆలిచిప్పలకి పేరుపడ్డ పర్రభూములు ఇవి. ఎదురుగా ఉన్న రెండు చిన్న లంకల్ని పాత పటాల్లో ఆలిచిప్పల దీవులనేవారు. వాటిలో ఒకటి ఇప్పుడు ఎల్లిస్ ఐలాండ్, రెండోది స్వేచ్ఛా ప్రతిమ నిలబడ్డ దీవి. 19వ శతాబ్దంలో రైలు కంపెనీలు వచ్చి, న్యూయార్క్ నగరం పారేసిన చెత్తాచెదారం, శిథిలాలు తెచ్చి పోసి ఈ రేవుని పూడ్చి పట్టాలు వేశాయి. అందుకే ఈ ఆటలో నేలని తవ్వి డబ్బా పాతిపెట్టకూడదన్న నియమం ఇక్కడ నాకు మరీ సబబుగా అనిపిస్తుంది. కింద ఏముందో పైనున్నవాళ్ళకి తెలియదు. పార్కు మధ్యలో 200 ఎకరాల పైన భూమి రైలు యార్డుల కాలం నాటి కాలుష్యం వల్ల దశాబ్దాల పాటు కంచె వెనకే ఉండిపోయింది. దాన్ని మళ్ళీ చిత్తడినేలగా, గడ్డిమైదానంగా మార్చే పని ఇప్పుడు నడుస్తోంది.

ఆ రైళ్ళ కాలానికి మిగిలిన గుర్తు, ఉత్తరం వైపున నీటి అంచునే ఉన్న పాత టెర్మినల్. 1889లో కట్టిన ఎర్ర ఇటుకల భవనం. గడియారం, పైన కోసుగా గోపురం. ఎల్లిస్ ఐలాండ్‌లో పరీక్షలు ముగిసినవాళ్ళు పడవలో ఇక్కడికి వచ్చి, ఇక్కణ్ణుంచి రైలెక్కి దేశం లోపలికి వెళ్ళేవారు. ఎల్లిస్ దాటినవారిలో మూడింట రెండు వంతుల మంది ఈ దారినే వెళ్ళారని చెప్తారు. 1967 ఏప్రిల్ 30న చివరి రైలు వెళ్ళాక స్టేషన్ మూతపడింది. వెనకవైపు 20 పట్టాల మీద కప్పిన పెద్ద షెడ్డు ఇప్పటికీ ఉంది, పట్టాల మధ్య చెట్లు మొలిచి. అక్కడ నిలబడితే చంటిపిల్లని చంకనేసుకుని, మూటలు లెక్కపెట్టుకుంటూ, రాని భాషలో ఊరి పేరు అడుగుతున్న ఆడవాళ్ళే నాకు కనపడతారు.

ఎల్లిస్ ఐలాండ్ 1892 నుంచి 1954 దాకా నడిచింది. దాదాపు కోటీ 20 లక్షల మంది దాని గుండా వచ్చారు. ఆడవాళ్ళ విషయంలో అక్కడి పద్ధతి వేరు. ఒంటరిగా వచ్చిన స్త్రీని బయటికి పంపించేవారు కాదు. భర్తో, అన్నదమ్ముడో వచ్చి తీసుకెళ్ళాలి, లేదా చుట్టాల నుంచి తంతి రావాలి, టికెట్టు అందాలి. అప్పటిదాకా అక్కడే ఉంచేసేవారు. పెళ్ళాడతానన్నవాడు వచ్చినా ముందు పెళ్ళి చేసుకుంటేనే వదిలిన సందర్భాలున్నాయి. కంటిజబ్బు ఉందేమో చూడడానికి కనురెప్పలు తిరగేసేవారు, అనుమానం ఉంటే కోటు మీద సుద్దతో గుర్తు పెట్టేవారు. మెట్లెక్కి వస్తుంటేనే ఆయాసపడుతున్నారేమో గమనించే డాక్టర్లుండేవారు. ఆ మెట్ల మీద నడుస్తున్న తల్లికి తనని చూస్తున్నారని తెలియదు.

ఎల్లిస్‌లో గుమాస్తాలు పేర్లు మార్చేసేవారని ఇక్కడ తరచూ వినపడే కథ. అది నిజం కాదు. అక్కడి అధికారులు కొత్తగా పేర్లు రాసుకునేవారు కాదు. ఓడ బయల్దేరిన రేవులో తయారైన ప్రయాణికుల జాబితాని ముందు పెట్టుకుని, అందులో ఉన్నదాన్ని మనిషితో సరిచూసేవారు. పేరులో మార్పులు ఎక్కువగా అంతకుముందు రేవులోనో, ఆ తరవాత వాళ్ళంతట వాళ్ళే ఈ దేశంలో ఇమడడానికో చేసుకున్నవి. పేరు తంటాలు మనకి కొత్తా? నా స్నేహితురాలి పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉండడంతో వీసా మీద మొదటి పేరు తెలియదు అనే అర్థంలో ఎఫ్.ఎన్.యు. అని అచ్చయి వచ్చింది. కొన్నాళ్ళు డాక్టరు దగ్గర ఆవిణ్ణి 'ఫ్నూ' అని పిలిచేవారు. ఇప్పటికీ మేము నవ్వుకుంటాం కానీ, అమ్మ పెట్టిన పేరు పలకనివాళ్ళ మధ్య తొలి ఏడాది గడపడం నవ్వులాట కాదని ఆవిడకి తెలుసు.

డబ్బా దాచిన కొత్తల్లో అందరికంటే ముందు వెళ్ళి మొదటి పేరు రాయాలని ఆటగాళ్ళలో పెద్ద పోటీ. మా అబ్బాయికి ఆ యోగం ఇంకా పట్టలేదు. ఎల్లిస్ ఐలాండ్ దాటిన మొదటి మనిషి ఎవరని వాడు అడిగినప్పుడు చెప్పిన కథ మీకూ చెప్తాను. 1892 జనవరి 1న ఎల్లిస్ కేంద్రం తెరిచారు. ఆ రోజు ముందు నిలబడింది ఐర్లండులోని కార్క్ ప్రాంతం నుంచి వచ్చిన ఆనీ మూర్. పదిహేడేళ్ళ పిల్ల. వెంట ఇద్దరు తమ్ముళ్ళు. ముందే వచ్చి న్యూయార్క్‌లో ఉన్న అమ్మానాన్నల దగ్గరికి వాళ్ళని తీసుకొచ్చే బాధ్యత ఆ పిల్లదే. మొదటి మనిషి కాబట్టి పది డాలర్ల బంగారు నాణెం ఇచ్చారు. పత్రికల్లో పేరు పడింది. ఇప్పుడు ఎల్లిస్‌లోనూ, ఐర్లండులో ఓడ బయల్దేరిన రేవు దగ్గరా ఆమె విగ్రహాలున్నాయి.

ఆ తరవాత ఆమె ఏమైంది? చాలాకాలం చెప్పుకున్న కథ ప్రకారం ఆనీ పడమటికి వెళ్ళి, టెక్సాస్‌లో స్థిరపడి, 1923లో అక్కడ ట్రాము ప్రమాదంలో పోయింది. సినిమాకి సరిపోయే కథ, అందరూ నమ్మారు. 2006లో మేగన్ స్మోలెన్యాక్ అనే వంశచరిత్ర పరిశోధకురాలు కాగితాలు తిరగేస్తే టెక్సాస్ ఆనీ మూర్ అసలు ఐర్లండులో పుట్టనేలేదని తేలింది, పుట్టింది ఇల్లినాయ్‌లో. మరి నిజమైన ఆనీ ఎక్కడ? ఆచూకీ చెప్పినవారికి వెయ్యి డాలర్లిస్తానని ఆవిడ ప్రకటించారు. కొద్ది వారాల్లోనే జవాబు దొరికింది. ఆనీ ఎక్కడికీ వెళ్ళలేదు. దిగిన రేవుకి కూతవేటు దూరంలో, మన్‌హాటన్‌లోని ఇరుకు సందుల్లో బతికింది. బేకరీవాళ్ళబ్బాయిని పెళ్ళాడింది. పదకొండు మంది పిల్లల్ని కంది, ఐదుగురే పెద్దయ్యారు. 1924లో చనిపోయింది. క్వీన్స్‌లోని శ్మశానంలో, పసితనంలోనే పోయిన పిల్లల పక్కన, పేరు చెక్కిన రాయి కూడా లేని చోట పడుకుని ఉంది. 2008లో ఆ సమాధి మీద రాయి నిలబెట్టారు.

పుస్తకంలో మొట్టమొదటి పేరు ఆమెది. అయినా 80 ఏళ్ళకి పైగా ఆమె సమాధి మీద పేరు లేదు. పేరు రాసి ఉంటే చాలదు, ఎవరో ఒకరు వెతుక్కుంటూ రావాలి.

పోయిన వేసవిలో మా అత్తయ్యగారు వచ్చినప్పుడు ఆవిణ్ణి కూడా ఈ పార్కుకి తీసుకెళ్ళాం. నీటి అంచున రెండు మైళ్ళ బాట ఉంది, లిబర్టీ వాక్ అంటారు. ఆ దరిదాపుల్లోనే పిల్లలకి ఒక డబ్బా దొరికింది. ఎక్కడో చెప్పడం ఆట మర్యాద కాదు. మందుబిళ్ళల సీసా అంత డబ్బా, లోపల చుట్టిన కాగితం నిండా పేర్లు. "దొరికింది తెచ్చుకోకుండా మళ్ళీ అక్కడే పెట్టేస్తారా? దీనికేనా అమ్మాయ్, ఇంత ఎండలో నడిపించావు?" అన్నారావిడ. పిల్లలు రాశాక, "నాన్నమ్మా, నువ్వూ రాయి" అని మా పాప పెన్సిలు ఇచ్చింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని తెలుగులో, ఇంటిపేరుతో సహా పూర్తిపేరు రాశారు. రాశాక కాసేపు ఎల్లిస్ వైపు చూసి, "మా తాతయ్య కాకినాడలో ఓడెక్కి రంగూన్ వెళ్ళారు. అక్కడ ఎవరైనా ఆయన పేరు రాసుకున్నారో లేదో" అన్నారు.

నాకు అప్పటిదాకా ఆ సంగతి తెలియదు. గోదావరి జిల్లాల నుంచి, ఉత్తరాంధ్ర నుంచి ఎన్ని వేల కుటుంబాల మగవాళ్ళు బర్మా వెళ్ళారో! బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలనేవారు, మన కోరంగి రేవు పేరుతోనే. ధాన్యం మిల్లుల్లో, రేవుల్లో మూటలు మోశారు, రిక్షాలు లాగారు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు అడవుల వెంట నడిచి తిరిగొచ్చినవాళ్ళున్నారు, దారిలోనే పోయినవాళ్ళున్నారు. ఆవిడ తాతయ్య తిరిగొచ్చారట. ఆయన కోసం ఎదురుచూసిన నాయనమ్మ పేరు అడిగితే మాత్రం అత్తయ్యగారు ఆలోచనలో పడ్డారు. "అందరూ పెద్దమ్మి అనేవారు. అసలు పేరు నాన్నకి తెలిసుండాలి."

ఆ దారిలోనే ఇంకొంచెం ముందుకెళ్తే జెండాలు గుండ్రంగా నిలబెట్టిన చోటు, ఒక ఫలకం ఉంటాయి. బ్లాక్ టామ్ అనే రేవు ఉండేది అక్కడ. 1916 జూలై 30 తెల్లవారుజామున 2 దాటాక అక్కడ నిలవచేసిన మందుగుండు పేలింది. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది, అమెరికా ఇంకా అందులో దిగలేదు. బ్రిటన్ కూటమికి పంపడానికి ఉంచిన ఆయుధాలవి, సుమారు 20 లక్షల పౌండ్లు. నిప్పు పెట్టించింది జర్మనీ గూఢచారులని విచారణ కమిషన్ తేల్చేసరికి 1939 అయింది. మన్‌హాటన్‌లో కిటికీ అద్దాలు రాలాయి. ఎల్లిస్‌లో ఉన్న వలసజనాన్ని రాత్రికి రాత్రి పడవల్లో అవతలికి చేరవేశారు. యుద్ధం తప్పించుకుని వచ్చినవాళ్ళకి దిగీ దిగగానే ఆ చప్పుడు! స్వేచ్ఛా ప్రతిమ కాగడాలోకి సందర్శకుల్ని పంపడం ఆ ఏడాది నుంచి మానేశారు. చనిపోయినవారి సంఖ్య పదికి లోపే. వారిలో ఒకరు జెర్సీ సిటీలో ఉయ్యాలలో నిద్రపోతున్న పదివారాల పసివాడు. అంత పెద్ద పేలుడు గురించి చదివాక నాకు మనసులో మిగిలేది ఆ ఉయ్యాలే.

ఈ చోటు పార్కు ఎలా అయిందన్నది కుటుంబాల కథ. 1957లో జెర్సీ సిటీవాసి మారిస్ పెసిన్ భార్యాపిల్లల్ని స్వేచ్ఛా ప్రతిమ చూపిస్తానని బయల్దేరదీశారు. ఇంటి ముందు కనపడే ప్రతిమే, కానీ మన్‌హాటన్ చుట్టి వెళ్ళేసరికి దాదాపు మూడు గంటలు పట్టింది. వెనక్కి తిరిగి చూస్తే ఇవతలి ఒడ్డంతా పాడుబడ్డ రేవులు, చెత్త. మరుసటి ఏడాది జూన్ 13న ఆయన ఒక విలేకరిని వెంటపెట్టుకుని చిన్న తెడ్డు పడవలో జెర్సీ సిటీ నుంచి ప్రతిమ దగ్గరికి వెళ్ళి చూపించారు. ఎనిమిది నిమిషాలు పట్టింది! ఇక్కడ పార్కు కావాలన్న పోరాటం అలా రాజుకుంది. ఆడ్రీ జాప్ అనే పర్యావరణ కార్యకర్త, థియొడోర్ కాన్రాడ్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి దానికోసం తిరిగారు. 1965లో నగరం 156 ఎకరాలు రాష్ట్రానికి ఇచ్చింది. 1976 జూన్ 14న పార్కు తెరిచారు. పడవ ప్రయాణం ఎనిమిది నిమిషాలు, పార్కు రావడానికి పద్దెనిమిదేళ్ళు.

పార్కులో మూడు రోడ్లకి ఆ ముగ్గురి పేర్లే పెట్టారు. కారులో వెళ్తూ ఆడ్రీ జాప్ డ్రైవ్ అన్న బోర్డు ఎన్నిసార్లు చూశానో, అది ఒక మనిషి పేరని, ఆడమనిషి పేరని తెలియనే తెలియదు. గోల్ఫ్ కోర్సు, వాటర్ పార్కు, ప్రైవేటు మెరీనా అంటూ ఈ నేలలో ముక్క అడిగినవాళ్ళు ఆ తరవాత చాలామంది వచ్చారు. ప్రతిసారీ ఊరివాళ్ళు సభలకి వెళ్ళి, సంతకాలు పెట్టి అడ్డుకున్నారు. మన పిల్లలు టికెట్టు లేకుండా ఆ గడ్డి మీద పరిగెడుతున్నారంటే వాళ్ళ చలవే.

టెర్మినల్ పక్కన ఎంప్టీ స్కై స్మారకం ఉంది. 2011 సెప్టెంబరు 10న ప్రారంభించారు. ఎదురెదురుగా రెండు ఉక్కు గోడలు, ఒక్కోటి 210 అడుగుల పొడవు. మధ్య దారిలో నిలబడితే నదికి అవతల జంట భవనాలు ఉండిన చోటు వైపు చూపు వెళ్తుంది. 2001 సెప్టెంబరు 11న పోయినవాళ్ళలో న్యూజెర్సీకి చెందిన, న్యూజెర్సీతో సంబంధమున్న 749 మంది పేర్లు ఆ గోడల మీద చెక్కారు. అన్నీ చేతికందే ఎత్తులోనే. మన దేశపు పేర్లు కూడా కనపడతాయి. ఆ రోజు మన్‌హాటన్ నుంచి పడవల్లో దాటించిన జనంలో కొందరిని దింపింది ఈ ఒడ్డునే. ఇక్కడ ఎవరూ డబ్బాల కోసం వెతకరు. మా పిల్లలు కూడా అడగకుండానే గొంతు తగ్గించారు. పాప మాత్రం ఒక పేరు మీద వేలితో రాసుకుంటూ వెళ్ళింది, పలక మీద అక్షరాలు దిద్దినట్టు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: లైట్ రైల్లో వెళ్తే స్టేషన్ నుంచి టెర్మినల్‌కి ఒక మైలు నడక. నీడ తక్కువ, నీళ్ళూ టోపీలూ తీసుకెళ్ళండి. గడ్డిపొదల్లో దిగేటప్పుడు నిండు పైజమాలు వెయ్యండి, ఇంటికొచ్చాక పిల్లల కాళ్ళు పిడుదుపురుగుల కోసం చూసుకోండి. ఫోను చూపించే చోటు కొన్ని అడుగులు అటూ ఇటూ అవుతుంది, అక్కణ్ణుంచి కళ్ళతోనే వెతకాలి. తినేవి డబ్బాలో పెట్టకూడదు. పెన్ను వద్దు, చెమ్మకి ఇంకు అలుక్కుపోతుంది. పెన్సిలు రాత నిలుస్తుంది.

మా ఇంట్లో ఇప్పుడు ఇంకో పుస్తకం మొదలైంది. అందులో అటు నాలుగు తరాలు, ఇటు నాలుగు తరాల ఆడవాళ్ళ అసలు పేర్లు రాస్తున్నాం. అమ్మమ్మ అమ్మ పేరు దొరికింది. మావారి వైపు ముత్తవ్వ పేరు ఆవిడ పొలం కాగితాల్లో దొరికింది. పెద్దమ్మి గడి ఇంకా ఖాళీగానే ఉంది. అత్తయ్యగారు ఊళ్ళో ఉన్న తొంభైయ్యేళ్ళ పెద్దనాన్నగారికి ఫోను చేశారు, గుర్తు తెచ్చుకుని చెప్తానన్నారట. మీ ఇంట్లో కూడా అడగగలిగిన పెద్దవాళ్ళు ఉంటే ఈ ఆదివారమే అడగండి.